తాతయ్య షష్టిపూర్తి క్యాసెట్ కోసం మూడు డాంగిళ్లు కొన్నాను

డాంగిల్ అంటే పాత వీడియో క్యాసెట్ బొమ్మని యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పరికరం. నిజానికి ఒక్కటి కొంటే సరిపోయేది. ముందే తెలిసుంటే రెండు వేల మూడు వందల రూపాయలు, రెండు నెలల ఆదివారాలు మిగిలేవి. చెప్పేవాళ్లు లేక కాదు, యూట్యూబ్ నిండా ఉన్నారు, కాకపోతే దాదాపు అందరూ విండోస్ వాళ్లే, "డబ్బాలో వచ్చిన సీడీ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి" అన్న చోటే వాళ్ల వీడియో నాకు పనికిరాకుండా పోయేది. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్, అందులో ఉన్నది విండోస్ కాదు, డెబియన్ అనే లైనక్స్. సీడీ పెట్టుకోవడానికి చోటు కూడా లేదు.

మాది కోనసీమ. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అటక దులుపుతుంటే రేకు పెట్టెలో పదకొండు వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. అమ్మానాన్నల పెళ్లిది ఒకటి, అక్క ఓణీల ఫంక్షన్‌ది ఒకటి, అమెరికా నుంచి బాబాయి పంపిన పాప బారసాల ఒకటి, పేరు చెరిగిపోయినవి కొన్ని. అన్నింటికంటే నాన్న చేతిలోకి తీసుకుని వదలనిది 1993లో మా తాతయ్య షష్టిపూర్తి క్యాసెట్. ఎందుకంటే అందులో పందిరి వేసింది కొబ్బరితోటలో. 1996 నవంబరు తుపానుకి ఆ తోట మొత్తం పడిపోయింది, దాని ఫొటో కూడా మాకు లేదు. "ఇది కంప్యూటర్‌లోకి ఎక్కుతుందేమో చూడరా" అన్నారు. ఎక్కుతుంది నాన్నా, వారం పని అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాకే నవ్వొస్తుంది.

ముందు క్యాసెట్ల సంగతి. మా వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, ముప్ఫై ఏళ్లు అటక మీదున్న క్యాసెట్‌కి బూజు పట్టకుండా ఉండదు. క్యాసెట్ కిటికీ మీద ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే తెలిసిపోతుంది, చుట్టలు చుట్టిన టేపు అంచు నల్లగా నున్నగా ఉండాలి, దాని మీద పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అది బూజే. పదకొండింటిలో మూడింటికి ఉంది, అందులో ఒకటి షష్టిపూర్తిదే. అలాంటిదాన్ని డెక్కులో, అంటే క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లో, పెడితే ఆ బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. కాబట్టి ఆ మూడూ పక్కన పెట్టాను.

ఇక డెక్కు. ఒకప్పుడు మా ఊళ్లో పండగలకి డెక్కూ కలర్ టీవీ అద్దెకి తెచ్చి తెల్లారేదాకా మూడు సినిమాలు వేసేవాళ్లు, ఇప్పుడు ఊరంతా తిరిగినా పనిచేసే డెక్కు ఒకటి దొరకలేదు. కొత్తది కొందామంటే అసలు తయారీయే లేదు, చివరిదాకా చేసిన జపాన్ ఫునాయ్ కంపెనీ కూడా 2016 జులైలో ఆపేసింది. మా ఇంట్లోది ప్లగ్ పెడితే లైటు వెలిగింది గానీ క్యాసెట్ లోపలికి తీసుకోలేదు. అమలాపురంలో పాత మెకానిక్ ఒకాయన మూత విప్పి చూసి "ఆయ్, బెల్టులు జిగురైపోయాయండి, రోలరు కూడా రాయైపోయింది, దీని మీద పెట్టే డబ్బులు దండగండి" అన్నారు. చివరికి మస్కట్‌లో పదిహేనేళ్లు చేసొచ్చిన నాన్న స్నేహితుడొకాయన ఇంట్లో, బీరువా మీద, గుడ్డ కప్పి పెట్టిన డెక్కు దొరికింది. గల్ఫ్ నుంచి తెచ్చింది కాబట్టి మల్టీ సిస్టమ్, అంటే మన దేశపు పాల్ పద్ధతితో పాటు అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతి క్యాసెట్ కూడా ఆడుతుంది. ఆ మాట విలువ అప్పుడు నాకు తెలియలేదు. దానికీ బెల్టులు మార్పించి, హెడ్డు తుడిపించి హైదరాబాద్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మొదటి డాంగిల్ ఆన్‌లైన్‌లో కొన్నాను, తొమ్మిది వందలు. ఒక వైపు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు, ఇంకో వైపు యూఎస్‌బీ. వీటన్నిటినీ ఈజీక్యాప్ అంటారు, అది పేరే గానీ కంపెనీ కాదు, ఒకే ప్లాస్టిక్ డొక్కులో ఎవరికి తోచిన చిప్ వాళ్లు పెట్టి అమ్ముతుంటారు. ల్యాప్‌టాప్‌కి గుచ్చగానే వెబ్‌క్యామ్‌లా కనిపించింది, డ్రైవర్ గొడవే లేదు, వీఎల్‌సీలో అమ్మానాన్నల పెళ్లి ఆడేసింది. ఆనందంతో స్క్రీన్ ఫొటో తీసి ఇంటికి పంపాను కూడా. రెండు రోజుల తర్వాత తీరిగ్గా చూస్తే ఏదో తేడాగా ఉంది. సన్నాయి మేళం దగ్గర డోలు వాయించేవాడి కర్ర రెండుగా కనిపిస్తోంది, తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల వెనక దెయ్యం చేతులు ఉన్నాయి. పాత టేపు కదా అనుకున్నాను. టేపుది కాదు తప్పు.

వీహెచ్‌ఎస్ బొమ్మ, అంటే ఈ క్యాసెట్లలోని బొమ్మ, సినిమాలాగా నిండు ఫ్రేములుగా ఉండదు. మన పాల్ పద్ధతిలో సెకనుకి 50 ఫీల్డులు, ఒక ఫీల్డులో బేసి గీతలు, తర్వాతి దాంట్లో సరి గీతలు, రెండూ సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. కాబట్టి కదలిక అంతా 50 ముక్కల్లో ఉంటుంది. నేను కొన్న డాంగిల్ ఆ రెండు ఫీల్డుల్నీ లోపలే కలిపేసి, 25 ఫ్రేములు చేసి, ఆపైన జేపెగ్‌లా కుదించి పంపిస్తోంది. ఒకసారి అలా కలిపేశాక విడదీయడం మన చేతుల్లో ఉండదు. పైగా స్టీరియో అని డబ్బా మీద ఉన్నా రికార్డింగ్‌లో మోనోగానే వచ్చింది. మా డెక్కు మోనోయే కాబట్టి దాని మీద నాకు పట్టింపు లేదు, డోలు కర్ర మీదే బాధ.

రెండోది ఆఫీసులో ఒకాయన చెప్పిన దారి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా ఒకటి, హెచ్‌డీఎంఐ పట్టే డాంగిల్ ఒకటి, "ఫుల్ హెచ్‌డీలో వస్తుంది బ్రదర్" అన్నాడు. వచ్చింది, ఫుల్ హెచ్‌డీలోనే, అమ్మానాన్నలిద్దరూ అడ్డంగా సాగి లావుగా వచ్చారు, సెకనుకి 25ని 60 చెయ్యడంతో ఊరేగింపు కారు కుంటుకుంటూ నడిచింది, టేపు కాస్త పాడైన చోట డబ్బా బొమ్మ వదిలేసి నీలం తెర చూపించింది. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా నిలిచే వివరం దాదాపు 240 గీతలే, దాన్ని 1080కి సాగదీస్తే కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు. ఈ రెండింటికీ కలిపి ఇంకో పద్నాలుగు వందలు.

అప్పుడు కూర్చుని, కొనే ముందు చెయ్యాల్సిన పని కొన్న తర్వాత చేశాను, అంటే చదివాను. లైనక్స్‌లో డబ్బా మీద పేరుకి విలువ లేదు, లోపల చిప్ ఏదన్నదే లెక్క. ఈ చవక డాంగిళ్లలో లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్నవి ముఖ్యంగా మూడు: ఎస్‌టీకే1160, ఈఎమ్2860, యూఎస్‌బీటీవీ007. మొదటిదానికి 2012 చివర్లో వచ్చిన 3.7 కెర్నెల్ నుంచీ డ్రైవర్ ఉంది. నాలుగోది సోమాజిక్ అని ఒకటుంది, దాని డ్రైవర్ కెర్నెల్‌లో లేదు, చిప్ నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ విండోస్ డ్రైవర్ నుంచి లాగి ఎక్కించుకోవాలి. నాకంత ఓపిక లేదు. పై మూడూ ఫీల్డుల్ని కలపకుండా, కుదించకుండా ఉన్నదున్నట్టు ఇస్తాయి, నాకు కావాల్సింది అదే.

ఇంకా మంచివి లేవా అంటే ఉన్నాయి. హాపాజ్ కంపెనీ యూఎస్‌బీ లైవ్2కి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది, కానీ ఇక్కడికి తెప్పించుకోవాలంటే డాంగిల్ ధర కంటే రవాణా, కస్టమ్స్ లెక్కలే భయపెట్టాయి. కానోపస్ ఏడీవీసీ డబ్బాలు ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్ మీద బొమ్మని డీవీ అనే డిజిటల్ రూపంలో పంపిస్తాయి, మాటా బొమ్మా జారకుండా కలిసి వస్తాయని పేరు, గంటకి 13 జీబీయే అవుతుంది, లైనక్స్‌లో డీవీగ్రాబ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. రెండు రోజులు దాని మీద మనసు పడింది. కానీ నా ల్యాప్‌టాప్‌కి ఫైర్‌వైర్ లేదు, కెర్నెల్ వాళ్లు కూడా దానికి 2029 వరకే గడువు పెట్టుకున్నారు, పాత డబ్బాకి పాత కార్డు వెతుక్కుని పాత కంప్యూటర్ కొనడం అంటే క్యాసెట్లకి మించిన మ్యూజియం అవుతుంది. బీటీ878 చిప్ ఉన్న పాత టీవీ ట్యూనర్ కార్డులూ లైనక్స్‌లో బాగానే ఆడతాయి, ఇంట్లో పీసీఐ స్లాట్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ముందు అది చూసుకోవడం మంచిది. ఇంకొందరు డెక్కు మూత విప్పి హెడ్డు నుంచి వచ్చే సిగ్నల్‌నే నేరుగా రికార్డు చేసి మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తున్నారు, వీహెచ్‌ఎస్-డీకోడ్ అంటారు, ఫలితం చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ మస్కట్ పెద్దాయన డెక్కుకి నేను టంకం పెట్టే ధైర్యం చెయ్యలేదు. తిరిగి ఇవ్వాలి కదా.

సరే, ఎస్‌టీకే1160 కావాలి. ఆన్‌లైన్‌లో లోపల చిప్ ఏదో ఎవరూ రాయరు, రాసినా నమ్మలేం. అందుకని ఒక శనివారం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. మొదటి రెండు షాపుల్లో "ఓపెన్ చేస్తే రిటర్న్ లేదు" అన్నారు. మూడో షాపులో కుర్రాడు కాస్త ఖాళీగా ఉన్నాడు. కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, కొనకపోయినా వంద ఇస్తాను, ఉన్నవన్నీ ఒక్కోటి గుచ్చి చూస్తానన్నాను.

"గిట్ల ఒక్కోటి పెట్టి చూస్తే ఏం తెలుస్తదన్నా? అన్నీ ఒకటే మాల్ గదా."

"డొక్కు ఒకటే తమ్ముడూ, లోపల వేరు" అంటూ ఒకటి గుచ్చి, యూఎస్‌బీకి ఏం తగిలించామో చెప్పే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి చూపించాను. మొదటిది వెబ్‌క్యామ్ రకం, నా ఇంట్లో ఉన్నదే. రెండోదీ అంతే. మూడోది, పైన అచ్చు రెండోదాని లాంటిదే, అదే రంగు, అదే స్టిక్కర్, గుచ్చితే సింటెక్ అని ఎస్‌టీకే1160 చేసే కంపెనీ పేరొచ్చింది, నంబర్ 05ఈ1, 0408. కుర్రాడు తెర వైపు వంగి "అరే, నిజంగనే వేరే ఉందే" అని డబ్బాలో మిగతావి కూడా తనే ఒక్కోటి అందించడం మొదలుపెట్టాడు. మొత్తం తొమ్మిది చూశాం, రెండే సింటెక్‌వి. ఒకటి ఏడు వందల యాభైకి ఇచ్చాడు, వంద వద్దన్నాడు. ఈ మొత్తం కథలో నేను సరిగ్గా చేసిన పని ఏదైనా ఉంటే ఇదే.

ఇంటికొచ్చి గుచ్చితే నల్ల తెర. డాంగిల్‌కి ఉన్నది ఒక్క పసుపు పిన్ను, ఎస్-వీడియో, డ్రైవర్ మాత్రం ఐదు ఇన్‌పుట్లు చూపిస్తుంది, వాటిల్లో పసుపు పిన్నుది ఏదో ఒకటే. వీఫోర్‌ఎల్2-సీటీఎల్ అనే కమాండ్‌తో ఒక్కోటి మార్చుకుంటూ పోతే బొమ్మ వచ్చింది. స్టాండర్డ్ కూడా పాల్ అని మనమే చెప్పాలి, లేకపోతే దొర్లిపోతుంది. వచ్చిన బొమ్మలో కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలా గీతలు. చూడ్డానికి ఛండాలంగా ఉంటుంది గానీ ఆ పళ్లే మనకి కావాల్సినవి, రెండు ఫీల్డులూ విడివిడిగా ఉన్నాయని గుర్తు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో, ఒక్కో ఫీల్డునీ ఒక్కో ఫ్రేము చేసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ వేసి 50 ఫ్రేములు చేస్తే డోలు కర్ర ఒక్కటే అయింది. ఆ రాత్రి ఆ ఐదు సెకన్ల ముక్క ఎన్నిసార్లు చూశానో.

గొడవ అక్కడితో అయిపోలేదు. రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, స్పీకర్లో సన్నగా జుమ్మని మోత, బొమ్మ మీద మెల్లగా పైకి పాకే మసక పట్టీ. కేబుళ్లు మార్చాను, డెక్కుని తిట్టాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే రెండూ ఒక్కసారిగా మాయం. మా అద్దె ఇంట్లో ప్లగ్గుకి మూడో కన్నం ఉంది గానీ దానికి ఎర్త్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. అప్పటినుంచి బ్యాటరీ మీదే రికార్డింగ్, మూడు గంటల క్యాసెట్ అయితే రెండు విడతల్లో.

రెండోది పెద్దది. బొమ్మ పై అంచు జెండాలా పక్కకి వంగడం, అరగంట గడిచేసరికి పంతులుగారి పెదాలకీ మంత్రానికీ పొంతన లేకపోవడం. సాగిన టేపు నుంచి వచ్చే గీతలు ఒక్కోటి ఒక్కో పొడవున ఉంటాయి, పాత టీవీ వాటితో సర్దుకుపోయేది, డాంగిల్ సర్దుకోదు, లెక్క తప్పిన ఫ్రేముని వదిలేస్తుంది. ధ్వని మాత్రం వేరే సౌండ్ కార్డుగా తన దారిన తను వస్తూనే ఉంటుంది. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే ఆ గీతల్ని మళ్లీ సమంగా సర్దే పరికరం. స్టూడియోల్లో వాడే అసలైనది మన జేబుకి అందదు. అందరూ చెప్పే చిట్కా, కొన్ని పాత డీవీడీ రికార్డర్లు తమ లోపలికి వచ్చిన బొమ్మని సరిచేసి బయటికి పంపుతాయి, డెక్కుకీ డాంగిల్‌కీ మధ్య పెడితే చాలు, డిస్క్ అక్కర్లేదు. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 దీనికి పేరుపడ్డ మోడళ్లు. మామూలు డీవీడీ ప్లేయర్ పనికిరాదు, అసలు దానికి బొమ్మ లోపలికి తీసుకునే పిన్నులే ఉండవు.

మళ్లీ ఊరే గతి. మా ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అన్నకి ఫోన్ చేస్తే, "క్యాసెట్లు డీవీడీలు చేసిచ్చే రోజుల్లో కొన్నానురా, ట్రే రాదు, నీకెందుకు?" అన్నాడు. ట్రే నాకు అక్కర్లేదన్నా అంటే పిచ్చోణ్ని చూసినట్టు నవ్వి ఉంటాడు. అది పేరుపడ్డ మోడల్ కాదు, వేరే కంపెనీది, అందుకే పెద్ద ఆశ పెట్టుకోలేదు. మధ్యలో పెట్టి ఆడిస్తే జెండా నిటారుగా నిలబడింది, రెండున్నర గంటల క్యాసెట్ చివర కూడా మాటా పెదవీ కలిసే ఉన్నాయి. ముఖాల మీద కాస్త నునుపు పెరిగింది, చీర అంచు జరీ కొంచెం మెత్తబడింది. ఆ మాత్రానికి ఒప్పుకున్నాను. లెక్కకి వస్తే నా తొమ్మిది వందల తప్పు డాంగిల్‌కీ ఏడు వందల యాభై సరైన డాంగిల్‌కీ ఉన్న తేడా కంటే, ఈ ట్రే రాని డబ్బా ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడాయే ఎక్కువ.

డిస్క్ సంగతి కూడా చెప్పాలి. 720 బై 576, కుదించకుండా తీసుకుంటే గంటకి దాదాపు 75 జీబీ. ఎఫ్ఎఫ్‌వీ1 అనే పద్ధతిలో కుదించి దాచితే నాణ్యత ఏమీ పోదు, మా క్యాసెట్లకి గంటకి 30 జీబీ అటూఇటూ వచ్చింది. అది అసలు కాపీ, రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది. ఇంట్లోవాళ్లకి ఇచ్చేది దానినుంచి తీసిన చిన్న ఫైలు. బాబాయి పంపిన అమెరికా క్యాసెట్‌కి డెక్కు వెనక స్విచ్ ఎన్‌టీఎస్‌సీ 3.58కి తిప్పి, డాంగిల్‌కి కూడా ఎన్‌టీఎస్‌సీ అని చెప్తే, ఇన్నేళ్లూ మా ఇంట్లో నలుపు తెలుపుల్లో దొర్లుతూ కనిపించిన బారసాల మొదటిసారి రంగుల్లో నిలబడింది. పాప పట్టుపావడా ఆకుపచ్చదట, అమ్మ ఇన్నాళ్లూ ఎరుపనుకుంది.

షష్టిపూర్తి క్యాసెట్ ఆఖరున పెట్టుకున్నాను. రెండు వారాలు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఆరబెట్టి, మాస్కు వేసుకుని, మేడ మీద కూర్చుని, అడుగునున్న ఐదు స్క్రూలు విప్పాను. మూడు గంటల టేపు అంటే దాదాపు 258 మీటర్లు, మెత్తటి పొడి గుడ్డ మధ్యలోంచి చేత్తో తిప్పుతూ ఒక చుట్టనుంచి ఇంకో చుట్టకి, రెండు పూటలు పట్టింది, గుడ్డలు నాలుగు మార్చాను. డెక్కులో పెట్టేముందు చేతులు వణికిన మాట నిజం. మొదటి ఎనిమిది నిమిషాలు మంచు కురిసినట్టుంది, ఒకచోట మడత పడి బొమ్మ ఎగిరిపోయింది, తర్వాత పందిరి కనిపించింది.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఉగాదికి ఊరెళ్లి టీవీకి పెట్టాను. నేను ఫీల్డులూ ఫ్రేములూ చూస్తున్నాను, అడుగున హెడ్డు మారే దగ్గర వచ్చే చింపిరి గీతల్ని కత్తిరించి ఉండాల్సింది అనుకుంటున్నాను. నాన్న తాతయ్యని కూడా చూడలేదు. "ఆపు, అక్కడ ఆపు" అని లేచి టీవీ దగ్గరికెళ్లి, పందిరి వెనక చెట్లని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేడు దగ్గర కెమెరా తిరిగిపోయింది. వెనక్కి తిప్పమన్నారు.

బూజు పట్టిన క్యాసెట్లు ఇంకా రెండున్నాయి. మస్కట్ పెద్దాయన డెక్కు ఎప్పుడిస్తావని అడగడం లేదు, ఆయన దగ్గర కూడా నాలుగు క్యాసెట్లు ఉన్నాయట.